కూలెంట్ ట్యాంకు నిండిపోతోందా? సిరంజి పట్టుకునే ముందు రేడియేటర్ మూత తీసి చూడండి

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు మీది మాక్స్ గీత దాటింది, ఏం చేయమంటారు అని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఎప్పుడు చూశారు? "ఇప్పుడే బండి ఆపి బానెట్ ఎత్తాను" అంటే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. కూలెంట్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, ఆ పెరిగినది ట్యాంకులోకి వస్తుంది. ట్యాంకు పెట్టిందే అందుకు. మిన్, మాక్స్ గీతలు చల్లటి ఇంజిన్‌ను బట్టి గీసినవి. రాత్రంతా ఆగి ఉన్న బండిని, చదునైన నేల మీద, ఉదయం తాళం తిప్పకముందు చూడండి. వాలులో నిలిపిన బండిలో మట్టం ఒక పక్కకు ఒరిగి, లేని ఎక్కువను చూపిస్తుంది. ఇంత చిన్న విషయం ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే ఫోటో పంపుతారు, ఇంజిన్ మీంచి ఆవిరి వస్తూ ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడు కూడా మట్టం ఎక్కువే ఉందా? అయితే రెండో ప్రశ్న. ఈ మధ్య ఎవరైనా కూలెంట్ పోశారా?

పోశారు, అందుకే ఎక్కువైంది

ఇది సులువైనది. అయితే మీ బండిలో ట్యాంకు ఏ రకమో తెలుసుకోవాలి. కొన్నిటిలో ప్రెజర్ మూత రేడియేటర్ మీద ఉంటుంది, పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకుకు ఊరికే ఒక డొప్ప మూత ఉంటుంది. ఇందులో కాస్త ఎక్కువ పోసినా పెద్ద నష్టం లేదు. వేడెక్కినప్పుడు అదనంగా ఉన్నది ఓవర్‌ఫ్లో గొట్టం గుండా కిందికి కారిపోతుంది. కింద తడి చూసి లీకేజీ అని టెన్షన్ పడటం తప్ప ఇంకేమీ జరగదు. రెండో రకంలో ట్యాంకుకే మరతిప్పుడు ప్రెజర్ మూత ఉంటుంది. ఇక్కడ మాత్రం మాక్స్ గీత పైన ఉండే ఖాళీ ముఖ్యం. వ్యాకోచించిన కూలెంట్‌కు అక్కడి గాలే మెత్తలా పనిచేస్తుంది. గొంతు దాకా నింపేస్తే ఒత్తిడి పెరిగి మూత గుండా బయటికి చిమ్ముతుంది.

ఏ రకమైనా, ఒక వేలి మందం ఎక్కువైతే నేను ముట్టుకోను. అంతకు మించితే శుభ్రమైన పెద్ద సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, మాక్స్ గీత కిందికి వచ్చేదాకా లాగేయండి. నోటితో మాత్రం పీల్చకండి. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. నేల మీద గుంట కట్టి ఉంటే కుక్క గానీ పిల్లి గానీ నాకి చచ్చిపోతుంది. తీసినది శుభ్రంగా ఉంటే సీసాలో పోసి, పేరు రాసి దాచండి.

ఎవరూ పోయలేదు, అయినా పెరుగుతోంది

ఇక్కడ జాగ్రత్త. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

మా బండిలో ఒకసారి ట్యాంకు మాక్స్ గీత దాటి కనిపించింది. పోసినప్పుడు ఎక్కువైందేమో అనుకుని సిరంజితో తీసేశాను. పది రోజులకు మళ్ళీ నిండింది. మళ్ళీ తీశాను. మూడోసారి ఆ అవకాశం రాలేదు, ఎత్తు ఎక్కుతుండగా బండి ఉడికిపోయింది. విచిత్రమేమిటంటే చివరి నిమిషం దాకా టెంపరేచర్ ముల్లు కదలలేదు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, గాలిలో వేలాడుతుంటే ఏం చెబుతుంది? మర్నాడు రేడియేటర్ మూత తీసి వేలు పెడితే వేలికి తడి తగల్లేదు. నిండుకుండ తొణకదంటారు గానీ, నా బండిలో ఒక కుండ నిండింది ఇంకో కుండ ఖాళీ అయ్యి. నేను రెండుసార్లు "ఎక్కువ" అని తీసి పారేసింది రేడియేటర్‌లో ఉండాల్సిన కూలెంట్.

ప్రెజర్ మూత రేడియేటర్ మీద ఉండే బండ్లలో జరిగేది ఇదీ. వేడికి ఒత్తిడి పెరిగి, మూత మీద రాసిన స్థాయికి చేరగానే పెద్ద స్ప్రింగు లేస్తుంది. చాలా మూతల మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అది బార్లలో ఒత్తిడి. లేచినప్పుడు కూలెంట్ సన్న గొట్టం గుండా ట్యాంకులోకి పోతుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు రేడియేటర్‌లో పీడనం తగ్గి, మూత మధ్యలో ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని, పోయినది మళ్ళీ వెనక్కి రావాలి. పోవడం సరిగ్గానే ఉండి, రావడం ఆగిపోతే? రోజూ కొంచెం పోతుంది, తిరిగి రాదు. ట్యాంకు నిండుతుంది, రేడియేటర్ ఎండుతుంది. చూసేవాళ్ళకు మాత్రం కూలెంట్ పుష్కలంగా ఉన్నట్టే.

పట్టుకోవడం కష్టం కాదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీద చిన్న టేపు ముక్క అతికించండి. బాగా తిరిగొచ్చాక ఎక్కడికి లేచిందో చూడండి, మర్నాడు ఉదయం మళ్ళీ చూడండి. ఆరోగ్యంగా ఉన్న బండిలో మట్టం లేచి, తెల్లారేసరికి టేపు దగ్గరికే దిగుతుంది. దిగకపోతే రేడియేటర్ మూత తీయండి. చల్లటి ఇంజిన్ మీదే సుమా. కూలెంట్ మూత కూర్చునే మెడ దాకా కనిపించాలి. కనిపించకపోతే దొంగ దొరికినట్టే.

ఇక దొంగ ఎక్కడ దాక్కున్నాడో పై హోసే, అంటే రేడియేటర్ పైభాగానికి తగిలించిన లావు రబ్బరు గొట్టమే చెబుతుంది. చల్లారాక అది చప్పిడైపోయి లోపలికి నొక్కుకుని ఉంటే, మూతలోని చిన్న వాల్వు బిగుసుకుపోయింది, లేదంటే సన్న గొట్టం మూసుకుపోయింది. హోస్ మామూలుగానే ఉండి రేడియేటర్ మాత్రం తరిగి ఉంటే, కూలెంట్ బదులు గాలిని లాక్కుంటోందన్నమాట. మూత పైభాగంలో, మెడ అంచు మీద కూర్చునే రబ్బరు ఎండి పగిలిందా చూడండి. సన్న గొట్టం రెండు చివర్లా వేలితో కదపండి. వదులుగా తిరిగితే, జుట్టంత చీలిక ఉంటే, అక్కడినుంచి గాలి దూరుతుంది. చీలిక సన్నగా ఉంటే బయటికి చుక్క కూడా కారకపోవచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కొన్ని ట్యాంకుల్లో ఈ గొట్టం లోపల అడుగు దాకా దిగి ఉండాలి. అది ఊడి పైనే ఉంటే పీల్చడానికి కూలెంట్ అందదు. ఇంకొకటి, ఎవరో మార్చిన మూత. పక్కన ట్యాంకు లేని పాత పద్ధతి బండ్ల మూతలకు ఆ పై రబ్బరు ఉండదు. చూపుకు ఒకేలా ఉంటాయి, బిగుసుకుంటాయి కూడా. నా బండిలో నేరం ఆ పై రబ్బరుదే, గోటితో గీరితే పొడిపొడిగా రాలింది.

మూత మార్చండి, అదే ఒత్తిడి అంకె ఉన్నది. రబ్బరుకు గ్రీజు రాసి, టేపు చుట్టి నెట్టుకురావద్దు. గొట్టం చివర పగిలితే ఆ ముక్క కోసేసి కొత్త క్లిప్పుతో బిగించండి, మధ్యలో చీలితే గొట్టమే మార్చండి. తర్వాత రేడియేటర్‌ను మెడ దాకా నింపాలి. ట్యాంకు నుంచి తీసిన శుభ్రమైన కూలెంట్‌ను ఇందులోనే పోయొచ్చు. మూత పెట్టకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోస్తూ ఉండండి. ఉప్పొంగితే మొహం దూరంగా పెట్టుకోండి. మూత బిగించి, ట్యాంకును రెండు గీతల మధ్య ఉంచి, టేపు పరీక్ష ఇంకో మూడు రోజులు చేయండి.

మూత, గొట్టం బాగానే ఉన్నాయి

అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య బిగించే పలుచటి సీలు) మాట ఎత్తండి, అంతకు ముందు కాదు. సిలిండర్‌లోని వాయువు కూలెంట్‌లోకి తోసుకొస్తే ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంకా వేడెక్కకముందే, పై హోస్ రాయిలా గట్టిపడుతుంది. ట్యాంకుకే ప్రెజర్ మూత ఉన్న బండిలో ఎవరూ పోయకుండా చల్లటి మట్టం పెరుగుతూ పోతే నేను మొదట అనుమానించేది దీన్నే. నీలం ద్రవంతో చేసే పరీక్ష ఉంది, పొగ వాయువు తగిలితే పసుపుకు తిరుగుతుంది. గ్యారేజీలో అది చేయించకుండా హెడ్ విప్పనివ్వకండి.

ఫ్యాన్ తిరగక, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు) మూసుకుపోయి బండి ఉడికినా కూలెంట్ ట్యాంకులోకి పొంగుతుంది. కానీ అప్పుడు ముల్లే అరిచి చెబుతుంది, వెతకక్కర్లేదు. ట్యాంకులో కాఫీ రంగు జిడ్డు తేలుతుంటే ఆయిల్ కలుస్తోందన్నమాట, ఆయిల్ కూలర్ చూపించండి, బండి నడపొద్దు. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) పగిలి పొగ కూలెంట్‌లోకి రావడమూ ఉంది, అరుదు. నురగ సబ్బులా ఉంటే మాత్రం వైపర్ ట్యాంకులో పోయాల్సింది ఇందులో ఎవరు పోశారో ఇంట్లో అడగండి. మొత్తం కడిగించి కొత్త కూలెంట్ పోయించడమే దానికి దారి.