‘పోవల్ల’ అంటే మస్టా, హ్యావ్ టునా, షుడ్డా?

కడప, అనంతపురం వైపు ‘పోవల్ల’ అనే ఒక్క మాటతో మూడు పనులు జరిగిపోతాయి. గట్టిగా పట్టుబట్టినా పోవల్ల, రూలుందన్నా పోవల్ల, పోతే మంచిదన్నా పోవల్ల. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు మాటలున్నాయి. ఏది వాడాలో తేలాలంటే ఆ ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోవాలి.

మాట్లాడే మనిషే పట్టుబడుతుంటే మస్ట్: ‘యూ మస్ట్ సీ గండికోట’. రూలో పరిస్థితో తోస్తుంటే హ్యావ్ టు: నేరుగా బండి లేనప్పుడు ‘ఐ హ్యావ్ టు చేంజ్ ట్రెయిన్స్ ఎట్ గుంతకల్’. మేలు కోరి చెప్పేదైతే షుడ్: ‘ఇట్స్ హాట్, యూ షుడ్ క్యారీ వాటర్’. ఫారాల్లో, నోటీసుల్లో రూలుకు కూడా మస్ట్ రాస్తారు, అది రాతకు చెల్లుతుంది. మాటల్లో మస్టా, హ్యావ్ టునా అని అనుమానమొస్తే హ్యావ్ టు అనేయండి, చాలాచోట్ల ఇబ్బంది ఉండదు. పై అధికారితో మాత్రం ‘యూ మస్ట్ సైన్ దిస్’ అనొద్దు, హుకుం చేసినట్టుంటుంది. ‘కుడ్ యూ సైన్ దిస్, ప్లీజ్?’ అనాలి.

అసలు చిక్కు ‘కాదు’ చేర్చినప్పుడు వస్తుంది. మస్ట్, హ్యావ్ టు దగ్గరి చుట్టాలే గానీ, నాట్ చేరితే చెరో దారి పడతాయి. ‘యూ మస్ట్ నాట్ కమ్ టుమారో’ అంటే రేపు రాగూడదు, వస్తే తప్పు. ‘యూ డోంట్ హ్యావ్ టు కమ్ టుమారో’ అంటే రావాల్సిన పనిలేదు, వస్తే మీ ఇష్టం. కర్నూలులో ఆఫీసు నుంచి అనంతపురం బ్రాంచికి ‘సెలవు రోజు రానక్కర్లేదు’ అని చెప్పబోయి మస్ట్ నాట్ రాస్తే, ఆ రోజు పని ముగించుకుందామనుకున్న మనిషి కూడా గేటు దాటడు. కాబట్టి రాసే ముందు తెలుగులో అనుకోండి: ‘గూడదు’ వస్తే మస్ట్ నాట్, ‘అక్కర్లేదు’ వస్తే డోంట్ హ్యావ్ టు.

జరిగిపోయిన పనికి మస్ట్ పనికిరాదు. ‘నిన్న కడపకు పోవాల్సొచ్చింది’ అంటే ‘ఐ హ్యాడ్ టు గో టు కడప’. ‘మస్ట్ హ్యావ్ గాన్’ అంటే పూర్తిగా వేరే అర్థం, పోయింటాడు అనే ఊహ. ఇంటికి తాళం, బండి లేదు: ‘హీ మస్ట్ హ్యావ్ గాన్ టు ద ఫీల్డ్’. దానికి ఎదురు ‘పోయుండడు’ అనాలంటే మస్ట్ నాట్ హ్యావ్ కంటే ‘కాంట్ హ్యావ్ గాన్’ నయం. ‘షుడ్ హ్యావ్ గాన్’ అంటే పోయుండాల్సింది, పోలేదు.

కుడ్ విషయంలో మనవాళ్ళు ఎక్కువ జారుతారు. వెనకటి రోజుల్లో ఉండిన సామర్థ్యానికి కుడ్ సరిపోతుంది: ‘మై గ్రాండ్‌ఫాదర్ కుడ్ స్విమ్ అక్రాస్ ద తుంగభద్ర’. ఒక్కసారి కష్టపడి సాధించినదానికి అది చాలదు. బస్సు ఆలస్యమైనా గుంతకల్లులో రైలు అందుకున్నారనుకోండి, ‘ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్ ద ట్రెయిన్’ అనాలి. అందుకోలేకపోతే ‘ఐ కుడ్ నాట్ క్యాచ్ ఇట్’ ఒప్పే. విచిత్రమే గానీ వాడుక అలా ఉంది.

మే, మైట్ రెండూ ‘ఏమో’లే. మైట్‌లో నమ్మకం కాస్త తక్కువ. అనంతపురంలో మబ్బు చూసి మైట్ రెయిన్ అనడం మేలు, అక్కడి మబ్బును నమ్మలేం. తేడా గట్టిగా బయటపడేది జరిగినదాని గురించి చెప్పేటప్పుడే. ‘హీ మే హ్యావ్ ఫాలెన్’ అంటే పడ్డాడో లేదో మనకింకా తెలీదు. పడేవాడే, తప్పిపోయింది అనాలంటే ‘హీ మైట్ హ్యావ్ ఫాలెన్’. మైట్ హ్యావ్ మొదటి అర్థానికీ వస్తుంది, మే హ్యావ్ మాత్రం రెండోదానికి నప్పదు.

రూపంలో దొర్లే తప్పులు కొన్నే. మస్ట్ తర్వాత టు రాదు, ‘మస్ట్ టు గో’ తప్పు. ‘క్యాన్ ఏబుల్ టు’ రెండు తాళాలు వేసినట్టు, ఒకటి తీసేయండి. హీ వచ్చినా క్యాన్‌కు ఎస్ తగలదు. రేపు ఖాయంగా వస్తానని చెప్పడానికి ‘ఐ వుడ్ కమ్ టుమారో’ అనకండి. వినేవాళ్ళు ‘కానీ ఏమైంది?’ అని మిగతా మాట కోసం చూస్తారు. అక్కడ ‘ఐ విల్ కమ్’ చాలు.