డిగ్రీ మధ్యలో బెంగళూరు కాలేజీకి మారేటప్పుడు జనరల్ పేపర్ల క్రెడిట్లు కాపాడుకోవడం ఎలా

అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కడప వైపు డిగ్రీలో చేరి, ఏడాదో రెండేళ్లో అయ్యాక బెంగళూరుకు మారాల్సి వచ్చిన విద్యార్థికి కామర్స్, కంప్యూటర్స్ లాంటి మెయిన్ పేపర్ల గురించే ముందు దిగులు పట్టుకుంటుంది. నిజానికి ఎక్కువగా తగువు పడేది జనరల్ పేపర్ల దగ్గర: తెలుగు, ఇంగ్లిషు, పర్యావరణం, రాజ్యాంగం, కంప్యూటర్ బేసిక్స్, ఓపెన్ ఎలక్టివ్. ఒక్కో యూనివర్సిటీ వీటికి ఒక్కో పేరు పెట్టి, తనకు తోచినన్ని క్రెడిట్లు ఇచ్చి, తనకు నచ్చిన సెమిస్టరులో పెడుతుంది. అకౌంటెన్సీకి అకౌంటెన్సీ దొరుకుతుంది గానీ, ‘లైఫ్ స్కిల్స్’కు జోడీ ఏదంటే ఎవరూ వెంటనే చెప్పలేరు.

ముందుగా మూడు పనులను విడివిడిగా చూడాలి. ఒకటి, మీ క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో, అంటే ఏబీసీలో జమ కావడం. రెండు, కొత్త యూనివర్సిటీ ‘ఈ పేపరు మళ్లీ రాయక్కర్లేదు’ అని మినహాయింపు ఇవ్వడం. మూడు, ఆ పేపరు క్రెడిట్లను మీ డిగ్రీ లెక్కలో కలుపుకోవడం. మొదటిది జరిగినంత మాత్రాన మిగతా రెండూ జరగవు. రెండోది జరిగి మూడోది జరగకపోతే ఆ సంగతి ఆరో సెమిస్టరు దాకా బయటపడదు. అప్పుడు పేపర్లన్నీ పాసై ఉంటారు, మొత్తం మాత్రం 120కి బదులు 118 దగ్గర ఆగుతుంది. అందుకే ‘మినహాయింపు ఇస్తాం’ అని నోటిమాటగా చెబితే సరిపెట్టుకోకండి. ఏ పేపరుకు ఎన్ని క్రెడిట్లు కలుపుతున్నారో పేపరువారీగా రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చే దాకా పాత కాలేజీలో టీసీ తీసుకోవద్దు. టీసీ తీసుకున్నాక బెంగళూరులో కుదరలేదంటే, పాత చోట మళ్లీ చేరడం ఆ కాలేజీ దయ మీద ఆధారపడుతుంది.

ఎవరిని అడగాలి

బెంగళూరులో ఇదే మొదటి తడబాటు. పాత బెంగళూరు యూనివర్సిటీ 2017లో మూడుగా విడిపోయింది. బెంగళూరు యూనివర్సిటీ జ్ఞానభారతిలో ఉంది, సిటీ యూనివర్సిటీ సెంట్రల్ కాలేజీ ఆవరణలో ఉంది, నార్త్ యూనివర్సిటీ కార్యాలయం కోలారు దగ్గర టమకలో ఉంది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల కాలేజీలే కాక నగరంలోని కొన్ని కాలేజీలు కూడా నార్త్ కిందికే వస్తాయి. కాబట్టి కాలేజీ బోర్డు మీద ‘బెంగళూరు’ అని చూసి జ్ఞానభారతికి పరుగెత్తకుండా, అఫిలియేషన్ ఏ యూనివర్సిటీదో ప్రిన్సిపల్ ఆఫీసులో కనుక్కోండి. అటానమస్ కాలేజీలో పాత, కొత్త పేపర్ల పోలికను కాలేజీ బోర్డ్ ఆఫ్ స్టడీసే, అంటే సిలబస్ నిర్ణయించే కమిటీయే చూస్తుంది. డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలకు సొంత నిబంధనలుంటాయి.

అడగాల్సినవి నాలుగు: మీరు చేరబోయే సెమిస్టరులో మంజూరైన సీట్లలో ఖాళీ ఉందా, ఎక్వివలెన్స్ (పాత పేపర్లు వాళ్ల పేపర్లకు సమానమని గుర్తించే) దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి, ఫీజు ఎంత, బోర్డు ఎప్పుడు కూర్చుంటుంది. చివరిది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అసలు ఆలస్యం అక్కడే. బోర్డు సమావేశం రెండు నెలల తర్వాత ఉంటే మీ ఫైలు కూడా రెండు నెలలు ఆగుతుంది. అందుకే మూడో సెమిస్టరులో చేరాలనుకునేవాళ్లు రెండో సెమిస్టరు క్లాసులు మొదలైనప్పుడే పని ప్రారంభించాలి. మొదటి సెమిస్టరు మెమోతో పోలిక చేయించుకుని, రెండోది వచ్చాక జతచేస్తే చాలు.

ఏబీసీ ఖాతా

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2021 జులైలో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం ఈ ఖాతా నడుస్తుంది. డిజిలాకర్‌లో లాగిన్ అయి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని వెతికి, కాలేజీ లేదా యూనివర్సిటీ పేరు, చేరిన సంవత్సరం, రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తే 12 అంకెల ఐడీ వస్తుంది. ఇప్పుడు దాన్ని అపార్ ఐడీ అంటున్నారు. రెండో ఐడీ సృష్టించకండి. కాలేజీ మారినా ఐడీ అదే.

మన తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం పొడిగా ఉంటుంది, కర్ణాటకలో రాసే అలవాటు ప్రకారం ఆ పొడి అక్షరం చివరికి పోతుంది. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ యూనివర్సిటీ రికార్డులోనూ ఒకేలా లేకపోతే క్రెడిట్లు ఖాతాకు చేరవు. కొత్త కాలేజీ అడ్మిషన్ ఫారంలో పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి, ఆధార్‌ను కూడా దానికి తగ్గట్టు ముందే సవరించుకోండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, కాబట్టి ఒక్కసారికే సరిగ్గా చేయించుకోవాలి.

ఖాతాలో క్రెడిట్లు కనబడకపోతే మీరు మెమో అప్‌లోడ్ చేసి లాభం లేదు. విద్యార్థి నుంచి ఏబీసీ నేరుగా ఏ కాగితమూ తీసుకోదు, పంపాల్సింది విద్యాసంస్థే. పాత యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచికి ఏబీసీ ఐడీ, హాల్‌టికెట్ నంబరు, ఏ సెమిస్టరు అన్నది రాసి, మెమో కాపీ జతచేసి ఉత్తరం పెట్టండి. మీరు ఆ కాలేజీ విద్యార్థిగా ఉండగానే ఇది తేలిగ్గా కదులుతుంది.

ఇంకో జాగ్రత్త. ఏడాది తర్వాత సర్టిఫికెట్, రెండేళ్ల తర్వాత డిప్లొమా తీసుకుని బయటకు రావచ్చనే వెసులుబాటు ఉంది. కాలేజీ మారడమే మీ ఉద్దేశమైతే తొందరపడి అది తీసుకోకండి. ఒక సర్టిఫికెట్ కోసం వాడిన క్రెడిట్లు ఖాతాలో శాశ్వతంగా ఖర్చు రాసేస్తారు.

పోలిక పట్టిక మీరే తయారు చేయండి

దరఖాస్తుతో పాటు మెమోలు, సిలబస్ పుస్తకం ఇచ్చి ఊరుకుంటే, చూసేవాళ్లు పేర్లు మాత్రమే పోల్చి కొట్టేస్తారు. పట్టిక మీరే తయారుచేసి, పక్కన సిలబస్ పేజీలు పెడితే వాళ్ల పని సగం మీరే చేసినట్టు. సిలబస్ మీరు చేరిన సంవత్సరానిదే అయి ఉండాలి, ప్రతి పేజీ మీదా ప్రిన్సిపల్ లేదా రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన కొత్త సిలబస్ ప్రింటు పెడితే పేపరు కోడ్ మెమోతో కలవక ఫైలు వెనక్కి వస్తుంది.

ఒక వరుస ఎలా ఉండాలో పర్యావరణం పేపరుతో చూద్దాం. ఎడమవైపు మీ పేపరు కోడ్, పేరు, 2 క్రెడిట్లు, మొత్తం 30 గంటలు, వచ్చిన గ్రేడు, పాసైన నెల, సంవత్సరం. కుడివైపు వాళ్ల పేపరు కోడ్, పేరు, ఉదాహరణకు 3 క్రెడిట్లు, 45 గంటలు. కింద యూనిట్ల జోడీ: సహజ వనరులకు సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక సమస్యలు. వాళ్ల సిలబస్‌లో ఫీల్డ్ వర్క్ ఉండి మీ దాంట్లో లేకపోతే దాచకుండా ‘లేదు’ అని రాసి, ప్రాజెక్టు రిపోర్టు లాంటిది చేసి ఉంటే జతచేయండి. చివరి గడిలో ‘తేడా 1 క్రెడిట్, భర్తీ ఎలా?’ అని అడగండి. ఈ చివరి గడే మిమ్మల్ని కాపాడుతుంది. అధికారి దాని పక్కన ఏదో ఒకటి రాయక తప్పదు.

గంటల లెక్కకు ఆధారం: యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకు ఇచ్చిన చట్రంలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టరులో 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. మెమోలో క్రెడిట్లు తక్కువగా ఉన్నా గంటలు సమానమైతే వాదించడానికి చోటుంటుంది.

ఒక్కో పేపరు సంగతి

పర్యావరణం సాధారణంగా తేలిగ్గా ఒప్పుకునే పేపరు. 1991లో సుప్రీంకోర్టు ఆదేశించడం, తర్వాత యూజీసీ అన్ని డిగ్రీలకూ ఒకే కోర్ మాడ్యూల్ ఇవ్వడం వల్ల దేశమంతా సిలబస్ దాదాపు ఒకే గాటన ఉంది. తగువంతా క్రెడిట్ల సంఖ్య దగ్గరే.

భాషల దగ్గర ఎక్కువ టైం పెట్టండి. బెంగళూరులో డిగ్రీలో రెండు భాషలు, సాధారణంగా నాలుగు సెమిస్టర్లు ఉంటాయి. మొదటి రెండు సెమిస్టర్ల తెలుగు క్రెడిట్లు ఒప్పుకున్నారని సంబరపడితే సరిపోదు, మూడో సెమిస్టరులో ఆ కాలేజీలో తెలుగు చెప్పేవాళ్లు ఉండాలి. చాలా కాలేజీల్లో కన్నడ, హిందీ, సంస్కృతం, అడిషనల్ ఇంగ్లిషు మాత్రమే ఉంటాయి. భాష మారితే కొత్త భాషలో పాత రెండు సెమిస్టర్ల పేపర్లూ రాయాలా, మూడో సెమిస్టరు నుంచే చాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. రాయాల్సిందే అంటే నాలుగు భాషా పరీక్షలు ఒకే ఏడాదిలో పడతాయి. నా సలహా అడిగితే, మిగతావన్నీ సమానమైనప్పుడు తెలుగు ఉన్న కాలేజీనే ఎంచుకోండి.

ఓపెన్ ఎలక్టివ్, మల్టీడిసిప్లినరీ పేపర్లను పేరు చూసే తిప్పికొట్టే కారణం ఒకటుంది. ఇవి మీ మేజర్‌కు, అంటే మెయిన్ సబ్జెక్టుకు బయటి విషయం అయి ఉండాలి. బీకాం విద్యార్థి చదివిన పర్సనల్ ఫైనాన్స్‌ను ఓపెన్ ఎలక్టివ్‌గా చూపిస్తే ‘ఇది మీ శాఖే కదా’ అంటారు. అలాంటిదాన్ని స్కిల్ పేపరు కింద లెక్కించమని అడగడం మేలు.

కంప్యూటర్ బేసిక్స్, కమ్యూనికేషన్, లైఫ్ స్కిల్స్ లాంటివి ఒకదానికొకటి అతకకపోతే, పేపరుకు పేపరు పోల్చమని పట్టుబట్టకుండా ‘స్కిల్ కోర్సుల గంపగుత్త క్రెడిట్లు’గా తీసుకోమనండి. యూజీసీ చట్రంలో స్కిల్ కోర్సులకు 9, వాల్యూ యాడెడ్ కోర్సులకు 6 నుంచి 8 క్రెడిట్లు కేటాయించారు కాబట్టి ఆ గడిలో చోటు దొరకొచ్చు.

బీఎస్సీ వాళ్లకు ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి మొదలైనప్పుడు చేరినవాళ్లు మొదటి సెమిస్టరులో మేజర్ బదులు గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల పరిచయ పేపర్లు చదివారు. బెంగళూరులో మొదటి సెమిస్టరులోనే మేజర్ ఉంటుంది. ఆ పరిచయ పేపర్లను జనరల్ గడిలోకి పంపి, మేజర్ పేపర్లు అదనంగా రాయడానికి సిద్ధపడాలి. అలాగే కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి నాలుగేళ్ల పద్ధతి వదిలి మూడేళ్ల డిగ్రీకి తిరిగొచ్చింది. నాలుగో ఏడాది ఆనర్స్ మీద ఆశ పెట్టుకుని వచ్చేవాళ్లు ఆ కోర్సు ఈ కాలేజీలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంజినీరింగ్ వాళ్లకు

వీటీయూ (కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) 2022 స్కీములో మొత్తం 160 క్రెడిట్లు. మొదటి ఏడాదిలో రాజ్యాంగం 1 క్రెడిట్, కన్నడ 1 క్రెడిట్ పేపర్లున్నాయి. కన్నడ రానివాళ్లకు బళకె కన్నడ, వచ్చినవాళ్లకు సాంస్కృతిక కన్నడ. ఇతర రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ల మెమోలో కన్నడ ఎలాగూ ఉండదు. రాజ్యాంగం ఉన్నా, చాలా యూనివర్సిటీల్లో అది 0 క్రెడిట్ల మాండేటరీ కోర్సు. సున్నా నుంచి ఒక క్రెడిట్ పుట్టదు కాబట్టి పాసైన పేపరే అయినా మళ్లీ రాయాల్సి రావచ్చు. క్లాసు బయట చేసే సామాజిక కార్యక్రమాలకు ఇచ్చే ఏఐసీటీఈ యాక్టివిటీ పాయింట్లు కూడా మరిచిపోకండి: రెగ్యులర్‌కు 100, లేటరల్ ఎంట్రీకి 75. పాత కాలేజీలో చేసినవాటికి సర్టిఫికెట్లు బయలుదేరే ముందే తెచ్చుకోవాలి.

లోటు పూడ్చుకోవడం

ఒకటి రెండు క్రెడిట్ల లోటుకు స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు మంచి దారి. ఎన్‌పీటీఈఎల్‌లో సాధారణంగా 4 వారాల కోర్సుకు 1, 8 వారాలకు 2, 12 వారాలకు 3 క్రెడిట్లు. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 రావాలి. కోర్సులో ఉచితంగా చేరడం ఒకటి, పరీక్షకు ఫీజు కట్టి నమోదు కావడం ఇంకొకటి. రెండోది మరిచిపోయి మూడు నెలలు చదివినదాన్ని వృథా చేసుకునేవాళ్లున్నారు. కోర్సు ఎంచుకునే ముందే అది మీ కొత్త యూనివర్సిటీ ఆమోదించిన జాబితాలో ఉందని డిపార్ట్‌మెంటు సంతకం తీసుకోండి. తర్వాత అడిగితే ఇవ్వకపోవచ్చు.

రెండు హద్దులు గుర్తుపెట్టుకోవాలి. ఏబీసీ నిబంధనల ప్రకారం డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి, అంటే 120లో 60. నాలుగో సెమిస్టరు దాటాక మారితే ఈ లెక్క కుదరదు. క్రెడిట్లు చెల్లేది గరిష్ఠంగా ఏడేళ్లు.

కాగితాల వరుస

ముందు ఎక్వివలెన్స్ ఉత్తర్వు, తర్వాత కొత్త కాలేజీ ప్రవేశ అంగీకార పత్రం, దాన్ని చూపించి పాత కాలేజీ ఎన్‌ఓసీ, ఆ తర్వాత టీసీ, కాండక్ట్, పాత యూనివర్సిటీ మైగ్రేషన్. చివరగా కొత్త యూనివర్సిటీలో ఎలిజిబిలిటీ సర్టిఫికెట్. బ్యాక్‌లాగ్‌లుంటే బయలుదేరే ముందే తేల్చుకోండి. ఫెయిలైన పేపరుకు క్రెడిట్ బదిలీ ఉండదు, ఊరు మారాక సప్లిమెంటరీ కోసం హాల్‌టికెట్ తెప్పించుకోవడం కష్టం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచేసుకోకూడదని యూజీసీ చెప్పింది. పరిశీలనకు చూపించి, అటెస్ట్ చేసిన కాపీలు ఇచ్చి వెంటనే వెనక్కి తీసుకోండి.

చేరిన మొదటి సెమిస్టరు మార్కుల కార్డు రాగానే బదిలీ అయిన క్రెడిట్లు అందులోగానీ యూనివర్సిటీ పోర్టల్‌లోగానీ కనిపిస్తున్నాయో లేదో చూడండి. గ్రేడ్లు కూడా కలిపారా, క్రెడిట్లు మాత్రమే కలిపారా అన్నది అప్పుడే తేలుతుంది. క్రెడిట్లు మాత్రమే అయితే మీ సీజీపీఏ ఇక్కడి సెమిస్టర్ల మీదే వేస్తారు. లెక్క తప్పితే ఉత్తర్వు కాపీతో ఆ నెలలోనే రిజిస్ట్రార్‌కు రాయండి. ఆ ఉత్తర్వును స్కాన్ చేసి డిజిలాకర్‌లోకి ఎక్కించి, అసలు కాగితాన్ని డిగ్రీ పట్టా చేతికొచ్చే దాకా మెమోలతో పాటే ఉంచండి.