వానలు పడేలోపు మీ పిల్లి బొచ్చు ఒకసారి విడదీసి చూడండి

రోహిణి ఎండలు ముగిసి ఇంకో వారంలో మృగశిర కార్తె వస్తుందనగా, పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. అది కడుపు నిండా తిని మత్తుగా పడుకున్నప్పుడు పొట్ట, వెనక తొడల లోపలి వైపు, తోక మొదలు, చెవుల అంచులు, మెడ చుట్టూ బొచ్చు వేళ్లతో విడదీసి చూడండి. ఎక్కడైనా పల్చబడిందా, చర్మం నున్నగా బయటికి కనిపిస్తోందా, చిన్న చిన్న పొక్కులు చేతికి తగులుతున్నాయా చూసి, ఉంటే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. వేడికి తేమ తోడైతే ఫ్లీస్ (బొచ్చులో దూరి రక్తం తాగే చిన్న పురుగులు) విపరీతంగా పెరుగుతాయి, తామర లాంటి ఫంగస్‌కి కూడా ఆ వాతావరణం బాగా కలిసొస్తుంది. మేలో రూపాయి బిళ్లంత ఉన్న మచ్చ ఆగస్టుకి పొట్టంతా పాకితే అప్పుడు కారణం పట్టుకోవడం డాక్టరుకీ కష్టం, మీకూ ఖర్చు.

ముందుగా ఒక మాట. బొచ్చు ఊడటం దానంతట అది జబ్బు కాదు, లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు. దానికి కారణాలు ఓ పది ఉంటాయి, పదింటికీ వైద్యం వేరు. అందుకే ఏ గ్రూపులో అడిగినా "మా పిల్లికి ఇది పూశాం తగ్గింది" అని వచ్చే సలహాలంటే నాకు భయం. పిల్లి ఒంటి మీద మీరు ఏది పూసినా అది గంటలోపు నాకేస్తుంది, అంటే పైపూత మందు కాస్తా కడుపులోకి పోయే మందు అయిపోతుంది.

కంగారు పడక్కర్లేనివి ముందు చెప్పేస్తాను. కంటికీ చెవికీ మధ్య బొచ్చు పల్చగా ఉండటం చాలా పిల్లులకి మామూలే. ఎండాకాలం బొచ్చు ఎక్కువ రాలడం మామూలే, ఇంట్లోనే లైట్ల వెలుగులో ఉండే పిల్లులకైతే ఏడాది పొడవునా రాలుతూనే ఉంటుంది. ఆపరేషన్‌కి షేవ్ చేసిన చోట మళ్లీ రావడానికి నెలలు పట్టొచ్చు. ఈనిన తర్వాతో, పెద్ద జ్వరం వచ్చి తగ్గిన తర్వాతో బొచ్చు రాలి మళ్లీ వచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఇలా రాలినప్పుడు ఒళ్లంతా కాస్త పల్చబడుతుంది గానీ మచ్చలు మచ్చలుగా ఖాళీ కాదు, చర్మం ఎర్రబడదు.

ఇక అసలు విషయం. బొచ్చు దానంతట అది ఊడుతోందా, పిల్లే నాకి నాకి తెంపేస్తోందా? చాలామంది "మా పిల్లి అసలు నాకట్లేదండీ" అంటారు. పిల్లులు మనం చూడనప్పుడు, మంచం కిందో బీరువా మీదో కూర్చుని ఈ పని చేస్తాయి. నాలుక మీద ముళ్లలాంటివి ఉంటాయి కాబట్టి పది నిమిషాలు ఒకే చోట నాకితే వెంట్రుక మధ్యలో తెగిపోతుంది. పరీక్ష సులువే. పల్చబడిన చోట బొచ్చుని ఎదురు దిశలో వేలితో నిమరండి. గరుగ్గా, కొత్తగా గీసిన గడ్డంలా తగిలితే అవి తెగిన వెంట్రుకలు. వెట్ (పశువైద్యుడు) దగ్గర నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెడితే కొస సన్నగా మొనదేలి ఉందో, చీలి తెగి ఉందో స్పష్టంగా తెలుస్తుంది. కక్కులో, మలంలో వెంట్రుకల ఉండలు ఎక్కువగా కనిపించినా నాకుతోందనే అర్థం. దీని మీదే మిగతా వెతుకులాట అంతా ఆధారపడి ఉంటుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

నాకుతోందని తేలితే మొదట అనుమానించాల్సింది ఫ్లీస్‌నే. ఒళ్లంతా పాకుతూ కనిపించాలనేం లేదు. ఫ్లీ లాలాజలానికి అలర్జీ ఉన్న పిల్లికి నాలుగైదు కాట్లు చాలు, వారాల తరబడి దురద పెడుతుంది, పైగా ఆ దురదకి నాకి నాకి ఒంటి మీదున్న ఫ్లీస్‌ని కూడా అదే మింగేస్తుంది కాబట్టి మనకి ఒక్కటీ దొరకదు. మా కింది వాటాలో ఉండే పిన్నిగారి పిల్లికి తోక మొదలు దగ్గర అరచేయంత మేర బొచ్చు పోయింది, మూడో అంతస్తు దాటి ఎక్కడికీ వెళ్లని పిల్లి, ఫ్లీస్ ఎక్కడివి అని ఆవిడ ఒకటే వాదన. పేలదువ్వెనతో నడుము దగ్గర దువ్వి, దువ్వెనకి అంటుకున్న నల్లటి మిరియాల పొడిలాంటి దాన్ని తడి టిష్యూ మీద రాల్చాం. అర నిమిషంలో ఆ నల్ల చుక్కల చుట్టూ తుప్పు రంగులో ఎర్రటి మరకలు వచ్చాయి. మట్టి అయితే అలా కరగదు. అది ఫ్లీస్ తాగి విసర్జించిన రక్తం, పిల్లి రక్తమే. ఇంట్లోంచి కదలని పిల్లికి కూడా మన బట్టల మీదుగానో, మెట్ల మీద పడుకునే వీధి పిల్లి నుంచో, పక్కింటి కుక్క నుంచో ఇవి వస్తాయి.

ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు పిల్లి మీద ఆగవు, పరుపు మీద, సోఫా సందుల్లో, కార్పెట్‌లో రాలిపోతాయి. వానాకాలపు వేడీ తేమల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగు అవడానికి దాదాపు మూడు వారాలు చాలు. గూడు కట్టుకున్న దశలో ఉన్నవి మందులకి కూడా లొంగవు, నెలల పాటు అలాగే ఉండి పిల్లి నడిచే అలికిడికి బయటికి వస్తాయి. కాబట్టి ఒక్కసారి మందు వేసి తగ్గలేదని వదిలేయకండి. కనీసం మూడు నెలలు వరసగా, ఇంట్లో ఉన్న అన్ని పిల్లులకీ, కుక్క ఉంటే దానికీ, ఒకేసారి వేయాలి. పిల్లి పడుకునే గుడ్డలు వారం వారం వేడినీళ్లలో ఉతికి ఎండ ఉన్నప్పుడే ఆరేయండి, వానలు మొదలయ్యాక ఎండ దొరకదు. సోఫా కింద, మంచం కింద మూలలు వాక్యూమ్ చేసి ఆ చెత్త వెంటనే బయట పడేయండి. మలంలో బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అవి ఫ్లీస్ మింగడం వల్ల వచ్చే బద్దెపురుగు ముక్కలు, దానికి వేరే మందు కావాలి.

ఇప్పుడు ఈ మొత్తంలోకీ ముఖ్యమైన జాగ్రత్త. కుక్కల కోసం అమ్మే, ఒంటి మీద వేసే ఫ్లీస్ చుక్కల మందు పిల్లికి వేయొద్దు. వాటిలో చాలావాటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, పిల్లి లివర్ దాన్ని విరగ్గొట్టి బయటికి పంపలేదు. చొంగ కారడం, వణుకు, కాళ్లు తడబడటం, ఫిట్స్, తర్వాత చావు. కుక్కకి వేసినా అది ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వొద్దు. ఊళ్లలో గేదెల గోమార్లకి నీళ్లలో కలిపి పూసే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులూ ఇదే జాతి, "కొంచెం పూస్తే ఏం కాదులే" అనుకోవద్దు. గమాక్సిన్ పొడి, కిరోసిన్, కర్పూరం, టీ ట్రీ ఆయిల్ కూడా వద్దు. వేపనూనె సహజమే కదా అంటారు, అది నాకిన పిల్లులు జబ్బుపడిన సందర్భాలున్నాయి. పొరపాటున కుక్కల మందు పడితే గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కొంచెం వేసి కడిగి, తువ్వాలులో చుట్టి ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరండి, మందు అట్టపెట్టె వెంట తీసుకెళ్లండి. పిల్లులకని రాసి ఉన్న మందు, ఇప్పుడు తూచిన బరువుకి సరిపడా, మెడ వెనక నాలుక అందని చోట మాత్రమే వేయాలి. 8 వారాలు నిండని కూనలకి డాక్టరు చెప్పనిదే ఏదీ వేయకుండా పేలదువ్వెనతో దువ్వడమే మేలు.

వానాకాలంలో మన ఇళ్లలో ఫినాయిల్ వాడకం పెరుగుతుంది. తడి నేల మీద నడిచిన పిల్లి పాదాలు నాకుతుంది, ఫినాల్ జాతి రసాయనాలు దానికి విషం. డెట్టాల్ లాగా నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడేవాటినీ అదే లెక్కలో పెట్టుకోండి, వాటితో పిల్లికి స్నానం అసలే వద్దు. నేల తుడిచి పూర్తిగా ఆరాకే పిల్లిని గదిలోకి వదలండి.

బొచ్చు గుండ్రంగా ఊడి, అంచుల్లో పొలుసులు, బూడిద చల్లినట్టు చర్మం ఉంటే తామర అనుకోవాలి, ముఖ్యంగా కూనలకి ముఖం, చెవులు, ముందు పాదాల మీద వస్తే. పర్షియన్ లాంటి పొడుగు బొచ్చు జాతులకి ఇది ఎక్కువ. ఇది మనుషులకీ అంటుకుంటుంది. పిల్లల చేతుల మీద, మెడ మీద ఎర్రటి చక్రాలు వస్తే పిల్లిని కూడా పరీక్ష చేయించండి, మచ్చ ఏమీ లేకుండా బొచ్చులో ఫంగస్ మోసే పిల్లులుంటాయి. వెట్ దగ్గరుండే వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత కాంతి దీపం) కింద ఆకుపచ్చగా మెరిస్తే అనుమానం బలపడుతుంది, మెరవకపోయినా తామర కాదని చెప్పలేం. కల్చర్‌కి (వెంట్రుకల్లోని ఫంగస్‌ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకి దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడి ఆసుపత్రుల్లో కనుక్కోవచ్చు. మెడికల్ షాపులో దొరికే "దురదకీ తామరకీ అన్నిటికీ ఒకటే" ట్యూబులు మాత్రం ముట్టుకోకండి. వాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది, నాలుగు రోజులు ఎరుపు తగ్గినట్టు కనిపించి లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. రాలిన వెంట్రుకల్లో ఆ బీజాలు ఏడాది పైన బతకగలవు కాబట్టి వైద్యం నడిచినన్నాళ్లూ పిల్లిని ఊడ్చి తుడవడానికి వీలైన ఒక గదిలో ఉంచండి, కానీ దానితో మాట్లాడటం, ఆడటం మానేయకండి, చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

చెవుల అంచుల నుంచి మొదలై ముఖం మీదకి మందంగా, బూడిదరంగు పెచ్చులు కడుతూ, రక్తం వచ్చేలా గోక్కుంటుంటే అది గజ్జి. వీధి పిల్లుల్లో ఎక్కువగా చూస్తాం. త్వరగా అంటుకుంటుంది, వైద్యానికి త్వరగానే లొంగుతుంది. వానకి తడుస్తోందని జాలిపడి కూనని లోపలికి తెచ్చుకునేవాళ్లు, తెచ్చుకోండి తప్పకుండా, కానీ వెట్‌కి చూపించేదాకా వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి.

ఫ్లీస్ లేవు, తామర కాదు, అయినా నాకుతోంది. అప్పుడు తిండి అలర్జీ చూడాలి. ఎప్పటి నుంచో తింటున్న చికెన్, చేప మీదే అలర్జీ రావచ్చు, కొత్తగా పెట్టిందే కానక్కర్లేదు. డాక్టరు చెప్పిన ఒకే రకం తిండి 8 వారాలు పెట్టి చూడటమే పరీక్ష, ఆ మధ్యలో అమ్మమ్మ ప్రేమతో వేసే చేప ముక్క ఒక్కటి చాలు మళ్లీ మొదటికి రావడానికి, ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. నొప్పి ఉన్న చోట కూడా పిల్లి నాకుతుంది. పొట్ట కింది భాగమే నాకుతుంటే మూత్రాశయంలో మంట ఉందేమో, ముసలి పిల్లి మోకాలి మీదే నాకుతుంటే కీళ్ల నొప్పేమో చూపించాలి. మగ పిల్లి మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌లో కూర్చుని, ముక్కి, చుక్క మూత్రం కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి, అది ప్రాణం మీదకి వచ్చే విషయం.

"టెన్షన్ వల్ల నాకుతోంది" అనే మాట అన్నిటికంటే చివర రావాలి. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఇంట్లో వాళ్లు ఊళ్లకి వెళ్లడం వల్ల కొన్ని పిల్లులు నిజంగానే నాకి బట్టతల తెచ్చుకుంటాయి. కానీ ఇలా మానసికమే అనుకున్న 21 పిల్లులని పూర్తిగా పరీక్షిస్తే 16 పిల్లులకి శరీరంలోనే కారణం దొరికిందని 2006లో అమెరికా పశువైద్య పత్రికలో వచ్చింది, ఎక్కువగా అలర్జీలే.

పదేళ్లు దాటిన పిల్లి విపరీతంగా తింటూ చిక్కిపోతూ బొచ్చు చెదిరిపోతుంటే థైరాయిడ్ రక్తపరీక్ష అడగండి. ముసలి పిల్లికి పొట్ట మీద బొచ్చు గబగబా ఊడి చర్మం మెరుస్తుంటే, తిండి మానేస్తే, పొట్ట స్కానింగ్ ఆలస్యం చేయకూడదు. అరుదే, కానీ లోపల గడ్డ ఉన్నప్పుడు ఇలా కనిపించే అవకాశం ఉంది.

వెట్ దగ్గరికి వెళ్లే రెండు రోజుల ముందు నుంచి స్నానం చేయించొద్దు, పౌడరు కొట్టొద్దు, శుభ్రంగా తీసుకెళ్లాలనే మొహమాటంతో ఆధారాలన్నీ కడిగేస్తున్నారు. తీసిన ఫోటోలు, పెట్టే తిండి పేరు, ఇప్పటిదాకా పూసిన ప్రతిదీ, సిగ్గుపడకుండా పసుపు, కొబ్బరినూనె దాకా రాసి తీసుకెళ్లండి. దురద తట్టుకోలేకపోతోందని మన పారాసిటమాల్ మాత్ర ముక్క వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు, ఒక్క మాత్రే పిల్లి ప్రాణం తీయగలదు. వానల్లో అర్ధరాత్రి రోడ్లు మునిగాక వెతుక్కోకుండా, రాత్రిపూట పిల్లులని చూసే ఆసుపత్రి మీ దగ్గర్లో ఏదుందో ఇప్పుడే కనుక్కుని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.