పెంపుడు జంతువు ప్రేమ అర్థం కానప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

పిల్లి తమను పట్టించుకోవడం లేదనీ, ముద్దు చేస్తుండగానే కరిచిందనీ, కుక్క అదుపు లేకుండా మీదికి ఎగబడుతోందనీ బాధపడే యజమానులు చాలామంది ఉంటారు. ఈ బాధల్లో ఎక్కువ భాగం, ఆ జంతువు ఒంటితో చెబుతున్న మాటను మనం మనుషుల అలవాట్ల ప్రకారం అర్థం చేసుకోవడం వల్ల వచ్చినవే. కొన్ని మాత్రం జబ్బుకు తొలి గుర్తులు కాబట్టి, ఆ రెండింటినీ విడదీసి చూడటం అవసరం.

సమస్య: పిల్లి ఎత్తుకుంటే దిగిపోతుంది, దూరంగానే కూర్చుంటుంది

కారణం: గట్టిగా హత్తుకోవడం మనకు ప్రేమ, పిల్లికి మాత్రం కదలనివ్వని పట్టు. అది తన ఇష్టాన్ని వేరే విధాలుగా చూపుతుంది. మీరు లోపలికి రాగానే తోకను నిలువుగా ఎత్తి ఎదురు రావడం పలకరింపు. చెంపలు, గడ్డం, నుదురు మీ కాళ్లకు రుద్దినప్పుడు అక్కడి గ్రంథుల వాసన మీకు అంటుకుంటుంది. అలా అది మిమ్మల్ని తన వాళ్లలో కలుపుకుంటుంది. ముందు కాళ్లతో మీ ఒడిని మార్చి మార్చి ఒత్తడం, పాల కోసం తల్లి పొట్టను ఒత్తిన పసితనపు అలవాటు. దూరంగా కూర్చుని మీ వైపు చూస్తూ కళ్లు నెమ్మదిగా మూసి తెరవడం కూడా ఆత్మీయతే. యజమాని అలా రెప్పలు వాల్చి చూపితే పిల్లులు కూడా కళ్లు చికిలించి బదులిస్తాయని బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు.

పరిష్కారం: ఎత్తుకోవడం కొన్నాళ్లు మానండి. నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, దాని ముక్కు ఎత్తులో వేలు చాచి ఆగండి. అదే వచ్చి వాసన చూసి చెంప రుద్దితే అప్పుడు నిమరండి. ముఖం తిప్పుకుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. వద్దన్నప్పుడు వదిలేస్తారన్న నమ్మకం కుదిరాక చాలా పిల్లులు వాటంతట అవే దగ్గరవుతాయి.

సమస్య: హాయిగా నిమిరించుకుంటూనే ఉన్నట్టుండి కరుస్తుంది

కారణం: చూసేవారికి ఇది ఉన్నట్టుండి జరిగినట్టు అనిపిస్తుంది గానీ, పిల్లి అంతకు ముందే చాలాసార్లు చెప్పి ఉంటుంది. మొదట గురగుర ఆగిపోతుంది. తోక కొస అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. తరువాత చెవులు పక్కలకు తిరుగుతాయి, వీపు మీద చర్మం అలలా వణుకుతుంది, తల మీ చేతి వైపు చటుక్కున తిరుగుతుంది. ఇన్ని గుర్తులనూ మనం గమనించకపోతే దానికి మిగిలేది పళ్లే. ఒకే చోట ఎక్కువసేపు రుద్దడం, తోక మొదట్లో నిమరడం చాలా పిల్లులకు చిరాకు తెప్పిస్తాయి. వెల్లకిలా పడుకుని పొట్ట చూపడం కూడా మీ దగ్గర భయం లేదని చెప్పడమే తప్ప, పొట్టను తాకమని పిలవడం కాదు.

పరిష్కారం: చెంపలు, గడ్డం కింద, చెవుల మొదళ్ల దగ్గర మాత్రమే నిమరండి. కొన్ని క్షణాలు నిమిరి చెయ్యి ఆపి చూడండి. ఇంకా కావాలనుకుంటే అదే తల ఆనిస్తుంది. కరిచినప్పుడు కొట్టవద్దు, కేకలు వేయవద్దు, ఎందుకంటే దాని వల్ల భయం పెరుగుతుందే గాని కరవడం తగ్గదు. ఇంతకాలం ఇష్టపడిన చోట తాకినా ఇప్పుడు కరుస్తోందంటే అక్కడ నొప్పి ఉందేమో పశువైద్యుడి చేత పరీక్ష చేయించాలి.

సమస్య: గురగురలాడుతోంది కానీ తినడం లేదు, మూల వెతుక్కుంటోంది

కారణం: గురగుర ఎప్పుడూ సంతోషమే కాదు. నొప్పిలోనూ, భయంలోనూ, ప్రసవ సమయంలోనూ పిల్లులు ఆ శబ్దం చేస్తాయి.

పరిష్కారం: ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి, ముఖ్యంగా బరువైన పిల్లులు తిండి మానితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

సమస్య: పిల్లి మీ పడక మీదే మూత్రం పోస్తోంది

కారణం: ఇది పగ కాదు. మూత్రాశయ వ్యాధి, శుభ్రంగా లేని లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాల కోసం ఉంచే తొట్టె), ఇంట్లో కొత్త మనిషి లేదా కొత్త జంతువు రావడం సాధారణ కారణాలు.

పరిష్కారం: ముందు వైద్య పరీక్ష, తరువాతే మిగతావి. పిల్లుల సంఖ్య కంటే ట్రేలు ఒకటి ఎక్కువ ఉండేలా చూడండి. మగ పిల్లి మాటిమాటికీ ముక్కుతున్నా మూత్రం రాకపోతే క్షణం ఆలస్యం చేయవద్దు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

సమస్య: కుక్క మీదికి దూకుతుంది, లేదా చూడగానే మూత్రం పోస్తుంది

కారణం: దూకడం మీ ముఖాన్ని అందుకోవాలన్న ఆత్రం. పలకరించగానే ఒళ్లు వంచి కాస్త మూత్రం వదలడం అణకువకూ ఉద్వేగానికీ గుర్తు. కుక్కపిల్లల్లో ఇది ఎక్కువ, పెరిగే కొద్దీ సాధారణంగా తగ్గుతుంది.

పరిష్కారం: దూకినప్పుడు పట్టించుకోకుండా, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరించండి. మూత్రం పోసే కుక్క మీదికి వంగకుండా పక్కగా కూర్చుని, మెల్లగా మాట్లాడండి. తిడితే అణకువ ఇంకా ఎక్కువై సమస్య ముదురుతుంది. మీ కాలికి ఆనుకుని నిలబడటం, ప్రశాంతంగా కళ్లలోకి చూడటం దాని అసలు ఆప్యాయత. అలా ఒకరినొకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ అనుబంధానికి సంబంధించిన హార్మోన్ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో తెలిపారు.

సమస్య: కుందేలు పళ్లు కొరుకుతోంది, చిలుక తిండి కక్కుతోంది

కారణం: నిమురుతుంటే కుందేలు పళ్లు సన్నగా చప్పుడు చేయడం హాయికి గుర్తు. ముడుచుకుని కూర్చుని గట్టిగా కొరుకుతుంటే మాత్రం అది నొప్పి. చిలుక తల ఊపుతూ గొంతులోని తిండిని మీ ముందు పెట్టడం జోడు పక్షికి చేసే మర్యాద. తల విదిలిస్తూ చుట్టూ చిమ్మితే అది వాంతి, అంటే జబ్బు.

పరిష్కారం: గట్టిగా పళ్లు కొరికే కుందేలు సగం రోజు మేత ముట్టకపోతే అత్యవసరంగా వైద్యం చేయించాలి. చిలుకను తల, మెడ దగ్గర మాత్రమే నిమరండి. వీపు, రెక్కల కింద తాకడం జత కట్టే కోరికను రేపి, తీరని చిరాకుగా మారి, కరవడానికీ అరుపులకూ దారితీస్తుంది.