80 గంటలు ఆడాక క్లైమాక్స్ తుస్సుమంటే ఏం చెయ్యాలి

ముందే చెప్తున్నా, ఇందులో మాస్ ఎఫెక్ట్ 3, ఫాలౌట్ 3, విచర్ 3, బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేముల ఎండింగులన్నీ విప్పేస్తా, ఇంకా ఆడనివాళ్ళు ఉంటే ముందు ఆడేసి రండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

సినిమా క్లైమాక్స్ తేలిపోతే రెండున్నర గంటలు పోయాయి అనుకుని, బయట టీ కొట్టు దగ్గర నిలబడి డైరెక్టర్ని నాలుగు మాటలు అనేసి ఇంటికెళ్ళిపోతాం. ఆర్పీజీ, అంటే ఒక పాత్రలో దూరి కథని మనమే నడిపే గేమ్, దాని సంగతి అలా కాదు కదా, హీరో ముక్కు ఎంత పొడుగుండాలో దగ్గర్నుంచి మనమే చూసుకుంటాం, ఎవర్ని బతికించాలో ఎవర్ని వదిలెయ్యాలో మనమే తేల్చుకుంటాం, నెలల తరబడి రాత్రుళ్ళు నిద్ర మానేసి ఆడతాం, అందుకే చివర్లో కొండని తవ్వి ఎలకని పట్టినట్టయితే ఆ కథ ఎవరిదో కాదు మనదే పాడైనట్టు అనిపిస్తుంది. నాకు 2012లో మాస్ ఎఫెక్ట్ 3 అయిపోయినప్పుడు తెల్లవారుజామున మూడున్నర, స్క్రీన్ మీద పేర్లు పోతున్నాయి, అమ్మ నీళ్ళు తాగడానికి లేచి నా మొహం చూసి ఎవరైనా పోయారా అని అడిగింది, షెపర్డ్ పోయాడమ్మా అంటే అది గేమ్‌లో నా హీరో అని ఏం అర్థమవుతుంది పాపం ఆవిడకి.

సరే, అలాంటి రాత్రి మీకూ వస్తుంది, వచ్చినప్పుడు ఏం చెయ్యాలంటే.

ఆ రాత్రి మాత్రం ఏమీ టైప్ చెయ్యొద్దు. రివ్యూ రాయొద్దు, గేమ్ డిలీట్ చెయ్యొద్దు, ముఖ్యంగా ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే సేవ్ ఫైల్ జోలికి పోవద్దు, తర్వాత దాంతో చాలా పనుంది. పేర్లు మొత్తం పోయేదాకా ఆగండి, చాలా గేముల్లో ఆ తర్వాత కూడా ఒక సీన్ ఉంటుంది. అయితే ఒక్కోసారి ఆగినందుకు ఇంకా మండుతుంది, అది వేరే విషయం. మాస్ ఎఫెక్ట్ 3లో మొదట్లో ఏం పెట్టారంటే, అంత ఏడిపించాక ఒక తాత మనవడికి కథ చెప్పే సీన్ వేసి, దాని తర్వాత ఒక మెసేజ్ బాక్స్, షెపర్డ్ ఒక లెజెండ్ అయ్యాడు, ఆ లెజెండ్‌ని ఇంకా ఆడి, డీఎల్‌సీలతో, అంటే విడిగా వచ్చే అదనపు భాగాలతో, కొనసాగించండి అని. చావింటికొచ్చి చిట్టీ కట్టమన్నట్టు.

పొద్దున్న లేచాక చెయ్యాల్సిన అసలు పని ఒకటుంది, ఏం నచ్చలేదో పేరు పెట్టి చెప్పుకోవడం. "ఎండింగ్ చెత్త" అంటే అది జ్వరం అన్నట్టే, ఏ జ్వరమో తెలీకుండా మందెలా వేస్తారు. నా అనుభవంలో ఇవి నాలుగు రకాలు. ఒకటి, ఎండింగ్ బాధగా ఉంది, అంతే, దాంట్లో తప్పేం లేదు, మనకి శుభం కార్డు అలవాటు కాబట్టి గుచ్చుకుంది, ఇది వారంలో తగ్గిపోతుంది, ఒక్కోసారి నెల తర్వాత అదే బాగుంది అనిపిస్తుంది కూడా. రెండు, మనవాళ్ళు తర్వాత ఏమయ్యారో చెప్పకుండా తెర దించేశారు. మూడు, కథకి కథే అడ్డం తిరిగింది, లాజిక్ లేదు. నాలుగు, మాట తప్పారు, అంటే నీ నిర్ణయాల్ని బట్టే ముగింపు అని ఊరించి చివర్లో అందరికీ ఒకే ప్లేటు పెట్టారు.

మాస్ ఎఫెక్ట్ 3లో ఈ నాలుగూ ఒకేసారి పడ్డాయి, అందుకే అంత గొడవ. దాన్ని తయారుచేసిన బయోవేర్ కంపెనీ వాళ్ళు 2007లో మొదటి భాగం, 2010లో రెండోది, 2012 మార్చిలో మూడోది వదిలారు, మొదటి దాంట్లో చేసిన పని మూడో దాంట్లో గుర్తుంటుంది, సేవ్ ఫైల్ ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కి మోసుకుపోవచ్చు, అదే దాని గొప్ప. డైరెక్టర్ కేసీ హడ్సన్ అయితే రిలీజ్‌కి ముందు ఇంటర్వ్యూలో, ఇది ఏ, బీ, సీ అని లెక్కపెట్టే రకం ఎండింగ్ కాదన్నాడు. తీరా చూస్తే ఆఖర్లో ఒక పిల్లాడి రూపంలో ఏదో వచ్చి మూడు దారులు చూపిస్తుంది, ఎర్రది డిస్ట్రాయ్ అంటే దండెత్తొచ్చిన రీపర్లనే యంత్రాల్ని నాశనం చెయ్యడం, నీలంది కంట్రోల్ అంటే వాటిని అదుపులో పెట్టుకోవడం, పచ్చది సింథసిస్ అంటే జీవుల్నీ యంత్రాల్నీ కలిపెయ్యడం, ఏది ఎంచుకున్నా దాదాపు అదే వీడియో, పేలుడు రంగు మాత్రం మారుతుంది. పైగా ఆఖరి పోరు జరిగే లండన్‌లో మన పక్కనే పరిగెత్తిన వాళ్ళు రెండు నిమిషాల్లో ఎక్కడో అడవి గ్రహం మీద కూలిన మన అంతరిక్ష ఓడ నార్మండీలోంచి దిగుతారు, ఎలా ఎక్కారు ఎప్పుడెక్కారు ఎవరికీ తెలీదు. నక్షత్రాల మధ్య ప్రయాణానికి వాడే మాస్ రిలేలు పేలిపోతాయి, రెండో భాగం అరైవల్ డీఎల్‌సీలో ఒక్క రిలే పోతే అక్కడి నక్షత్రం, దాని గ్రహాలు మొత్తం బూడిదయ్యాయని వాళ్ళే చూపించారు, మరి ఇప్పుడు అన్నీ పేలితే మనం కాపాడింది ఎవర్ని స్వామీ.

పేరు పెట్టుకున్నాక రెండో పని, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కానీ తప్పదు, ఆ ఎండింగ్ మన చేతులారా తెచ్చుకున్నదేమో చూసుకోవాలి. దీనికి విచర్ 3ని మించిన ఉదాహరణ లేదు. అందులో మనం ఆడే హీరో గెరాల్ట్ పెంచిన కూతురు సిరి బతుకుతుందా లేదా అనేది యుద్ధంలో కత్తి ఎంత బాగా తిప్పావు అనేదాన్ని బట్టి కాదు, మధ్యలో వచ్చే కొన్ని చిన్న చిన్న మాటల్ని బట్టి. పిల్ల దిగులుగా కూర్చుంటే మందు పోసి "అన్నిట్లో నువ్వే గొప్పగా ఉండక్కర్లేదులే" అన్నావా, మంచు ముద్దలతో ఆడించావా. పెద్దవాళ్ళతో మాట్లాడ్డానికి వెళ్తుంటే నేనూ వస్తా అని వెంటపడ్డావా, నువ్వు చూసుకోగలవు అని పంపావా. కోపమొచ్చి ల్యాబ్ పగలగొడతానంటే సర్దిచెప్పావా, కానియ్ అన్నావా. తనకి సాయం చేసి చచ్చిపోయిన కుర్రాడి సమాధి దగ్గరికి తోడు వెళ్ళావా. చక్రవర్తి దగ్గరికి తీసుకెళ్తే, తెచ్చినందుకు ఆయనిచ్చే డబ్బు పుచ్చుకున్నావా. నేను మొదటిసారి అచ్చం మన ఇళ్ళల్లో నాన్నల్లాగే ఆడా, "నువ్వుండు నేను మాట్లాడతా" టైపు, ప్రేమతోనే చేశా అన్నీ, చివరికి సిరి తిరిగి రాలేదు. వారం తిట్టుకున్నా గేమ్‌ని, తర్వాత తెలిసింది గేమ్ కరెక్టే అని. నచ్చని ఎండింగ్ అంటే నేను ఇప్పటికీ దీన్ని లెక్కలోకి తీసుకోను, అది నాకు పడాల్సిందే. కాబట్టి ఆ పాత సేవ్ ఫైల్ ఉంచుకోమన్నది ఇందుకే, వేరే దారులు ఉన్నాయేమో ఏదైనా గైడ్ తెరిచి చూడండి, ఉంటే చివరి పది గంటలు మళ్ళీ ఆడితే సరిపోవచ్చు.

మూడోది, మీరు ఆడింది ఏ వెర్షనో చూసుకోండి. ఎవరో ఇచ్చిన పాత ఇన్‌స్టాలర్‌తోనో అప్‌డేట్లు ఆపేసో ఆడి, ఎప్పుడో బాగుచేసేసిన ఎండింగ్‌ని తిట్టే వాళ్ళని చాలామందిని చూశా. ఫాలౌట్ 3 తీసుకోండి, 2008లో వచ్చింది, చివర్లో ఒకరు రేడియేషన్ నిండిన గదిలోకెళ్ళి మీట నొక్కి చావాలి, పక్కనే ఫాక్స్ అని సూపర్ మ్యూటెంట్ ఉంటాడు, వాడికి రేడియేషన్ ఏమీ చెయ్యదు, అంతకుముందు అలాంటి గదిలోకే వెళ్ళి మనకోసం సామాను తెచ్చిపెట్టాడు కూడా, కానీ ఆఖర్లో అడిగితే ఇది నీ విధి నేను వెళ్ళను అంటాడు, ఓరి నీ విధి తగలెయ్య. జనం గోల చేశారు, 2009లో బ్రోకెన్ స్టీల్ అని డీఎల్‌సీ వచ్చింది, దాంట్లో ఫాక్స్‌ని పంపొచ్చు, గేమ్ కూడా అక్కడితో ఆగదు, లెవెల్ పరిమితి 20 నుంచి 30 చేశారు. తమాషా ఏంటంటే ఫాక్స్‌ని పంపినా చివర్లో కథ చెప్పే గొంతు మాత్రం, అసలు వీరుడు ఇంకొకడు వెళ్ళాడు అని మనల్ని దెప్పుతుంది. బాల్డర్స్ గేట్ 3 ఇంకా తొందరగా సర్దుకుంది, 2023 ఆగస్టులో వచ్చినప్పుడు చివర్లో అందరూ రేవు దగ్గర తలో దిక్కు వెళ్ళిపోయినట్టు ఉండేది, ముందు మన జట్టులో ఉండే కార్లాక్ కథ ముగింపుకి కొత్త సీన్ ఇచ్చారు, నవంబరు ఆఖర్లో 5వ ప్యాచ్ అనే అప్‌డేట్‌తో ఆరు నెలల తర్వాత క్యాంపులో అందరూ కలిసే పార్టీ పెట్టారు. ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్ళకి అప్పటి వెలితి తెలీనే తెలీదు.

కంపెనీ చెయ్యకపోతే మాడ్లు ఉన్నాయి, అంటే అభిమానులు సొంతంగా చేసే మార్పులు, ఎక్కువగా పీసీ వాళ్ళకే అనుకోండి. స్టార్ వార్స్ నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2ని అబ్సిడియన్ వాళ్ళు హడావుడిగా 2004 డిసెంబరుకి వదలాల్సొచ్చింది, చివరి గ్రహం సగం ఖాళీ, దారాలన్నీ తెగి వేలాడుతుంటాయి, డిస్క్‌లో మిగిలిపోయిన ముక్కల్ని అభిమానులు ఏళ్ళ తరబడి ఏరి కుట్టి రిస్టోర్డ్ కంటెంట్ మాడ్ తయారుచేశారు, ఇవాళ ఆ గేమ్ అది లేకుండా ఆడటం ఎందుకో నాకర్థం కాదు. మాడ్ వేసేముందు సేవ్ ఫోల్డర్ కాపీ చేసి పక్కన పెట్టుకోండి, అది ఏ వెర్షన్‌కి పనిచేస్తుందో చదవండి, ఒకేసారి పది వేసి ఏది పగలగొట్టిందో తెలీక తల పట్టుకోవద్దు.

ఇక డబ్బులు వెనక్కి అనే ఆశ ఉంటే వదిలేయండి, గేములు అమ్మే స్టీమ్‌లో రిఫండ్ రూల్ కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల లోపు ఆడి ఉండాలి, ఎండింగ్ దాకా వచ్చినవాడికి అదెక్కడ కుదురుతుంది.

మరి కోపం ఎక్కడ చూపించాలి అంటే, కంపెనీకి తగిలేలా చెప్పడంలో ఒక పద్ధతుంది. మాస్ ఎఫెక్ట్ గొడవలో ఒకాయన ఏకంగా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి కంప్లైంట్ పెట్టాడు, దానివల్ల ఒరిగిందేం లేదు. కొందరు చైల్డ్స్ ప్లే అనే పిల్లల చారిటీకి విరాళాలు పోగేశారు, 80 వేల డాలర్లు దాటింది, మంచిపనే, కానీ కొందరు ఆ డబ్బు కొత్త ఎండింగ్ తియ్యడానికి అనుకుని ఇచ్చేసరికి చారిటీ వాళ్ళే ఆపమన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది కప్‌కేకులు. కెనడా ఎడ్మంటన్‌లో బయోవేర్ ఆఫీసుకి 400కి పైగా కప్‌కేకులు పంపారు, ఏ, బీ, సీ అని మూడు రకాలు, పైన ఎరుపు, నీలం, పచ్చ క్రీము, లోపల మూడూ ఒకటే వనిల్లా. ఒక్క బూతు మాట లేదు, సమస్య ఏంటో పెట్టె తెరిచి తిన్నవాడికి తెలిసిపోతుంది, ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు. వాళ్ళు వాటిని యువకుల షెల్టర్‌కి ఇచ్చేశారట, పోనీలే ఎవరో ఒకరు తిన్నారు.

మీరు కప్‌కేకులు పంపక్కర్లేదు కానీ రాసేది అలా ఉండాలి. ఎన్ని గంటలు ఆడారో, ఏ వెర్షనో రాయండి, నచ్చింది కూడా రాయండి, లేకపోతే వాడు ఎండింగ్ ఒక్కటి చూసి తిడుతున్నాడు అనుకుంటారు. పలానా సీన్‌లో పలానా మనిషి ఇక్కడ ఉండకూడదు అని రాయండి. స్పాయిలర్ అని పైన పెట్టండి. రైటర్ల సొంత అకౌంట్లకి వెళ్ళి వాళ్ళనీ వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ తిట్టడం మాత్రం వద్దు, అది ఎంత పెద్ద ఫ్యాన్‌కైనా సిగ్గుచేటు, పైగా మీ పాయింటు దాంట్లో కొట్టుకుపోతుంది.

పేరు పెట్టి చెప్పండి అని ఇంతసేపు చంపుతున్నది ఎందుకంటే, బాగయ్యేవి ఏవి బాగవ్వవు ఏవి అనేది అక్కడే తేలుతుంది. గేమ్ వచ్చిన రెండు వారాలకి, ఆ గోల మధ్యలో, బయోవేర్ స్థాపకుల్లో ఒకడైన రే ముజికా లేఖ రాశాడు, 2012 జూన్ 26న ఎక్స్‌టెండెడ్ కట్ అని ఉచితంగా ఇచ్చారు. దాదాపు 2 జీబీ, అప్పట్లో మా ఇంటి నెట్‌లో లిమిట్ దాటితే స్పీడు నత్త నడకే, రెండు రాత్రులు పీసీ ఆపకుండా పెట్టి దించా, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ. అందులో పక్కన పరిగెత్తిన వాళ్ళు నార్మండీ ఎలా ఎక్కారో చూపించారు, రిలేలు పూర్తిగా పోలేదు మళ్ళీ కడతారన్నారు, ఎవరెవరు ఏమయ్యారో బొమ్మలేసి చెప్పారు, మూడూ వద్దు పో అని తిరగబడే నాలుగో దారి కూడా పెట్టారు, అది తీసుకుంటే అందరూ చస్తారు అది వేరే సంగతి. అంటే పైన చెప్పిన రెండో రకం, మూడో రకం జబ్బులు నయమయ్యాయి. నాలుగోది, ఆ మాట తప్పడం, అది అలాగే ఉంది, 2021లో వచ్చిన లెజెండరీ ఎడిషన్‌లో కూడా అదే పిల్లాడు అవే మూడు రంగులు. షెపర్డ్ మెదడుని రీపర్లు లోబరుచుకున్నారు, అదంతా భ్రమ అని అభిమానులు ఒక పెద్ద థియరీ అల్లారు, ఇండాక్ట్రినేషన్ థియరీ, చదవడానికి అద్భుతంగా ఉంటుంది, ఎక్స్‌టెండెడ్ కట్ మాత్రం దాని జోలికి పోలేదు. థియరీలు సరదాగా చదవండి, అదే నిజం అని ఏళ్ళు వెయిట్ చెయ్యకండి.

అలా బాగవ్వని రకం తగిలినప్పుడు నేను చేసేది ఒకటుంది, ఎక్కడ ఆపాలో నేనే చూసుకుంటా. 2013 మార్చిలో సిటడెల్ అని ఆఖరి డీఎల్‌సీ ఇచ్చారు, కథ ప్రకారం క్లైమాక్స్‌కి ముందు వస్తుంది కానీ నిజానికి అదొక వీడ్కోలు, పాత నేస్తాలందరూ షెపర్డ్ ఇంటికొచ్చి తాగి గోల చేసి ఫొటో దిగుతారు. దాన్ని ఎండింగ్ తర్వాతకి జరిపే మాడ్ కూడా ఉంది. మా బాబాయ్ కొడుకు మొన్న మొదటిసారి ఆడుతూ "అన్నా, ఎర్రదా పచ్చదా, ఏది నొక్కను" అని ఫోన్ చేస్తే, ఏదోటి నొక్కి చూసెయ్ రా, తర్వాత పార్టీకి ముందున్న సేవ్ లోడ్ చేసుకో అన్నా. నా మూడోసారి ఆట అయితే లండన్ దాకా వెళ్ళనేలేదు, పార్టీ మర్నాడు పొద్దున్న అందరూ రేవులో నిలబడి నార్మండీ వైపు చూస్తుంటారు, అక్కడ సేవ్ చేసి పీసీ ఆపేశా, ఆ ఫైల్ ఇంకా ఉంది.