తరగతిలో ఏ బిడ్డను ఏది కదిలిస్తుందో తెలుసుకోవడం ఎలా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో కొత్తగా చేరిన ఉపాధ్యాయులు, తరగతి అదుపు తప్పగానే గద్దించడమో, చాక్లెట్లు, స్టిక్కర్లు పంచడమో చేస్తుంటారు. అల్లరి చేస్తున్న బిడ్డకు అసలు ఏం కావాలో తెలుసుకోకుండానే చేస్తున్నారు కాబట్టి ఈ రెండూ ఎక్కువ రోజులు పనిచేయవు. ఇక బెత్తం గురించి చర్చే అవసరం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది.

మొదటి వారం ఏమీ మార్చకండి, గమనించండి. ఒక చిన్న నోటుపుస్తకంలో, మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్న ఇద్దరు ముగ్గురు పిల్లల గురించి మాత్రమే, అల్లరి మొదలయ్యే ముందు తరగతిలో ఏం జరుగుతోంది, ఆ బిడ్డ ఏం చేశాడు, ఆ వెంటనే అతనికి ఏం దక్కింది అనే మూడు విషయాలు రాసుకోండి. వీటిలో మూడోదే కీలకం. కొందరికి టీచరు చూపు దక్కుతుంది, కొందరికి తోటివారి నవ్వు దక్కుతుంది, ఇంకొందరికి కష్టమైన పని తప్పిపోతుంది.

ఉదాహరణకు, ఇంట్లో తమిళం మాట్లాడే నగరి ప్రాంతపు నాలుగో తరగతి పిల్లవాడిని తీసుకుందాం. గణితం గంటలో కుదురుగా కూర్చునే ఆ అబ్బాయి, తెలుగు వాచకం వరుసగా చదివిస్తున్నప్పుడు తన వంతుకు రెండు బెంచీల దూరం ఉండగానే పక్కవాడి పెన్సిలు లాగుతాడు. టీచరు కోప్పడి వరండాలో నిలబెడతారు, చదివే గండం తప్పిపోతుంది. అంటే శిక్ష అనుకున్నదే అతనికి బహుమతి అవుతోంది. అతనికి చాక్లెట్ ఇచ్చినా, నలుగురిలో మందలించినా ఫలితం ఉండదు. రేపు చదవాల్సిన రెండు వాక్యాలను ఈరోజే చూపించి, ఇంటర్వెల్‌లో ఒకసారి మీ దగ్గర మెల్లగా చదివించుకొని, మరునాడు ఆ రెండు వాక్యాలే అతని వంతుగా ఇవ్వండి. తప్పించుకోవాల్సిన భయం తగ్గితే పెన్సిలు లాగాల్సిన పనీ తగ్గుతుంది.

పిల్లలను నేరుగా అడగడం కూడా మంచిదే. మూడో తరగతి దాటినవారి చేత "బడిలో నాకు బాగా నచ్చే పని...", "టీచర్ ఇలా చేస్తే నాకు సిగ్గేస్తుంది..." వంటి అసంపూర్తి వాక్యాలను పూర్తి చేయించండి. చిన్నవాళ్లను నోటితో అడిగితే చాలు. చంద్రగిరి మండలం వైపు సంక్రాంతి సెలవుల తర్వాత పశువుల పండుగ కబుర్లు ఆగవు. వాటిని అణచడం కంటే, ఎక్కువ మాట్లాడే బిడ్డకు తరగతి ముందు నిలబడి కొమ్ములకు పలకలు ఎలా కట్టారో చెప్పే ఐదు నిమిషాలు ఇస్తే, ఆ బిడ్డ కోరుకున్న గుర్తింపు సరైన దారిలో దొరుకుతుంది.

బహుమతుల విషయంలో జాగ్రత్త అవసరం. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నారులకు బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. ఆ పిల్లలు తర్వాత తీరిక వేళల్లో బొమ్మలు వేయడం తగ్గించేశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చినవారిలో ఈ తగ్గుదల కనిపించలేదు. కాబట్టి ఇష్టంగా చేస్తున్న పనికి ధర కట్టవద్దు. ఇష్టంలేని పనికి మొదట్లో చిన్న ప్రోత్సాహం ఇచ్చినా, అలవాటు కుదిరేకొద్దీ దాన్ని తగ్గించుకుంటూ రండి.

మెచ్చుకోలు ఎప్పుడూ స్పష్టంగా ఉండాలి. "గుడ్ బాయ్" అంటే ఏం చేసినందుకో బిడ్డకు తెలియదు. "నీ వంతు వచ్చేదాకా చెయ్యి ఎత్తి ఆగావు, అందువల్ల లక్ష్మి చెప్పింది అందరికీ వినిపించింది" అంటే తెలుస్తుంది. కాస్త పెద్ద తరగతుల పిల్లల్లో చాలామందికి అందరిలో పొగడ్త ఇబ్బందిగా ఉంటుంది. నోటుపుస్తకం దిద్దేటప్పుడు నెమ్మదిగా చెప్పండి.

తన ఎదుగుదల తనకు కనబడటం కూడా గొప్ప ప్రేరణే. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం రూపొందించిన బహుతరగతి పద్ధతిలో, అంటే వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో చదువుకునే పద్ధతిలో, పిల్లలు నేర్చుకోవాల్సిన మెట్లను వరుసగా చూపే అభ్యాస నిచ్చెన మీద తామెక్కడున్నారో చూసుకొని, ఆ మెట్టుకు తగిన పని కార్డు తామే తీసుకొని పని మొదలుపెడతారు. పక్కవాడితో పోల్చే ర్యాంకుల పట్టిక కంటే ఇది ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

గంట కొట్టడం, పుస్తకాలు పంచడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి బాధ్యతలు బుద్ధిమంతులకే కాక అందరికీ వంతులవారీగా దక్కాలి. ఊడ్చే పని ఆడపిల్లలకో, ఫలానా వీధి పిల్లలకో అంటగట్టడం మాత్రం ఏ బడిలోనూ జరగకూడని అన్యాయం.

రెండు మూడు వారాలు గడిచినా మార్పు లేకపోతే చూపు, వినికిడి, ఆకలి, నిద్ర గురించి ఆరా తీయండి. తెల్లవారకముందే లేచి పాలకేంద్రానికి పాలు పోసి వచ్చే బిడ్డ, ఉదయం ఏమీ తినకుండానే కూర్చున్నాడేమో కనుక్కోండి. తల్లిదండ్రులను పిలిపించినప్పుడు, ఆ వారం బిడ్డ చేసిన ఒక మంచి పనిని ముందుగా చెప్పి, తర్వాత "ఇంట్లో మీ మాట ఎప్పుడు బాగా వింటాడమ్మా?" అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబును అదే నోటుపుస్తకంలో రాసుకొని, మరుసటి సోమవారం నుంచి తరగతిలో ప్రయత్నించండి.