ఫ్లో రియాక్టర్‌లో నార్బోర్నడైన్: ప్రెషర్ ఊగిసలాట ఎలా ఆగిందంటే

సౌరశక్తిని దాచే నార్బోర్నడైన్ అనే అణువును ఫ్లో రియాక్టర్‌లో, అంటే ద్రావణం ఆగకుండా పారే స్టీల్ కాయిల్‌లో, 180 డిగ్రీల దగ్గర చేస్తుంటే ప్రెషర్ ఊగేది, దిగుబడి పూటకో తీరుగా వచ్చేది. పంపు మార్చినా, ఫ్లో తగ్గించినా, కాయిల్ కడిగినా లాభం లేకపోయింది.

ముందు ఫీడ్ (కాయిల్‌లోకి పంపే ద్రావణం) సరిచేశాను. ముడిపదార్థాల్లో ఒకటైన డైసైక్లోపెంటాడైన్ సుమారు 33 డిగ్రీల కిందే గడ్డకడుతుంది. ఏసీ గదిలో ఇన్‌లెట్ ట్యూబులో తెల్లటి పలుకులు కనిపిస్తాయి. దాన్నీ, రెండో ముడిపదార్థం డైఫినైల్‌ఎసిటిలీన్‌నీ టోలుయిన్‌లో కరిగించి, వడకట్టి, ద్రావణం గుండా నైట్రోజన్ పంపాను. డైసైక్లోపెంటాడైన్ వేడికి రెండు సైక్లోపెంటాడైన్ అణువులుగా విడిపోయే డైమర్ (జంట అణువు), అందుకే అది 0.6 ఈక్వివలెంట్లే, అంటే ఒక మోల్ డైఫినైల్‌ఎసిటిలీన్‌కు 0.6 మోల్; ఎక్కువైతే తయారైన నార్బోర్నడైన్‌కే మరో సైక్లోపెంటాడైన్ అతుక్కుంటుంది.

అసలు మార్పు ఆ తర్వాతిది. లోపలి ద్రవం మరగకుండా ప్రెషర్ నిలిపే వాల్వును, అంటే 250 పీఎస్‌ఐ బ్యాక్ ప్రెషర్ రెగ్యులేటర్‌ను, వేడి కాయిల్ చివర నుంచి తీసి, చల్లటి నీళ్లలో ముంచిన మీటరు ట్యూబు తర్వాత బిగించాను. అంతకుముందు వేడి ద్రవం రెగ్యులేటర్‌లోనే ఆవిరై, జిగురు వదిలి, దాని సీటును (వాల్వు మూసుకునే చోటును) అంటించేసేది. ఇప్పుడు ప్రెషర్ నిలకడగా ఉంది.

చల్లారగానే స్ఫటికమయ్యే ఉత్పత్తులకు మాత్రం ఇదే ట్యూబు మూసుకుపోవచ్చు.